వృద్ధాశ్రమంలో సంరక్షణ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అమ్మనో నాన్ననో ఒక హోమ్‌లో చేర్చాలనుకుంటున్నవాళ్లు, ఇప్పటికే చేర్చేసి లోలోపల టెన్షన్ పడుతున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి ఒక్క మాట చాలు, కొన్నింటికి చాలదు. హోమ్ చూడటానికి ఎంత అందంగా ఉందన్న దాని గురించి ఇందులో పెద్దగా ఏమీ లేదు. లేవలేని మనిషికి, ఎవరూ చూడని వేళల్లో, ఎన్ని చేతులు అందుతున్నాయన్నదే సంరక్షణ. మిగతావన్నీ దాని తర్వాతే.

హోమ్ చూడటానికి వెళ్తే మొట్టమొదట ఏం చూడాలి?

మనుషుల్ని చూడండి. మేనేజరుగారు మిమ్మల్ని తోటలోకి తీసుకెళ్తారు, కొత్త లిఫ్టు చూపిస్తారు, ఇంకా ఎవరూ చేరని నీట్‌గా సర్దిన గది చూపిస్తారు. అన్నీ చూసి తలూపండి, కానీ కళ్లు మాత్రం అక్కడ ఉంటున్నవాళ్ల మీద పెట్టండి. గోళ్లు తీసి ఉన్నాయా, కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా, వినికిడి మిషన్ చెవిలో ఉందా డ్రాయర్లో ఉందా, కట్టుడు పళ్లు నోట్లో ఉన్నాయా గ్లాసులో ఉన్నాయా, మధ్యాహ్నం మూడైనా ఇంకా రాత్రి బట్టల్లోనే ఉన్నారా. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, రోజూ ఒక మనిషి ఇంకో మనిషి దగ్గర పది నిమిషాలు ఆగితే తప్ప ఇవి జరగవు. (బ్రోషర్లలో ఉండే పెద్దవాళ్లందరికీ పళ్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి, అదేమిటో.)

ఇంకోటి. చక్కగా నడుస్తూ, గలగలా మాట్లాడేవాళ్లతోనే మిమ్మల్ని మాట్లాడించి పంపేస్తారు. వాళ్లు ఎక్కడ పెట్టినా బతుకుతారు. మంచం మీద ఉన్నవాళ్ల వైపు తీసుకెళ్లమని అడగండి. అలా తీసుకెళ్లినప్పుడు మేనేజరు తలుపు తట్టి, లోపలున్న మనిషిని అడిగి, ఆ తర్వాతే మిమ్మల్ని రానిచ్చారనుకోండి, ఆ హోమ్‌కి మంచి మార్కు వేసుకోండి. మీరు అడగ్గానే తలుపు బార్లా తీసి, పడుకున్న మనిషిని చూపుడు వేలితో చూపించారంటే రేపు మీ అమ్మని కూడా అలాగే చూపిస్తారు.

వాసన వస్తే బాగోలేనట్టేనా?

ఒక గదిలో, ఒక సమయంలో వస్తే కాదు. అప్పుడే ఎవరికో అవసరం అయి ఉంటుంది, శుభ్రం చేస్తూ ఉంటారు. వరండా అంతా, ఏ వేళలో వెళ్లినా అదే మూత్రం వాసన అంటే తడిసిన పరుపులు, మార్చని డైపర్లు ఉన్నాయని అర్థం. ఫినాయిల్, రూమ్ ఫ్రెషనర్ ముక్కు పగిలేలా కొడుతున్నా అనుమానించాల్సిందే.

ఏ టైమ్‌లో వెళ్తే నిజం తెలుస్తుంది?

భోజనం వేళ, సాయంత్రం చీకటి పడ్డాక, ఆదివారం. ఈ మూడూ చూడకుండా డబ్బు కట్టొద్దు. ఉదయం 11 గంటలకి ఏ హోమ్ అయినా బాగుంటుంది, అప్పటికి స్నానాలు అయిపోయి ఉంటాయి, ఆఫీసు స్టాఫ్ అందరూ ఉంటారు. సాయంత్రం షిఫ్ట్ మారే వేళకి వెళ్లి హాల్లో ఓ గంట ఊరికే కూర్చోండి. ఎవరో పిలుస్తారు, లేదా బెల్లు మోగుతుంది. ఎంతసేపటికి ఎవరు వచ్చారో గమనించండి, వచ్చినవాళ్లు బెల్లు ఆపేసి "వస్తున్నా ఉండండి" అని వెళ్లిపోయారా, పని చేసి వెళ్లారా అన్నది కూడా. బెల్లు ఆపడం, పని చేయడం రెండూ రిజిస్టర్లో ఒకేలా పడతాయి.

మీ మనిషిని చేర్చాక కూడా ఇదే పద్ధతి. ప్రతి ఆదివారం పదింటికి వస్తారని తెలిసిపోతే ఆదివారం పదింటికి మీ నాన్న తల దువ్వి ఉంటుంది. చెప్పకుండా వస్తే అభ్యంతరం చెప్పే హోమ్‌ని, ఏ కారణం చెప్పినా సరే, నేనైతే నమ్మను. అంటువ్యాధి ఉన్న రోజుల్లో ఆపడం వేరు, అది కూడా ఎన్నాళ్లో చెప్పి ఆపాలి.

ఎంతమందికి ఎంతమంది స్టాఫ్ ఉండాలి? ఒక అంకె చెప్పండి.

అందరికీ సరిపోయే అంకె లేదు, ఎందుకంటే తమ పని తాము చేసుకునే 10 మందికి ఒకరు చాలు, మంచం పట్టిన 10 మందికి ముగ్గురున్నా చాలరు. అంకె అడగడం కన్నా మీరే ఒక చిన్న లెక్క వేసుకోండి, అదీ రాత్రి పూట లెక్క.

30 మంది ఉన్న హోమ్ అనుకుందాం. వాళ్లలో 6 మంది తమంతట తాము పక్కకి తిరగలేరు. సాధారణంగా 2 గంటలకోసారి తిప్పుతారు. ఒక మనిషిని చర్మం రాపిడి కాకుండా తిప్పాలంటే ఇద్దరు కావాలి. తడి చూసి, మార్చి, కాళ్ల మధ్య దిండు పెట్టి, దుప్పటి సర్దేసరికి 10 నిమిషాలు. అంటే ప్రతి 2 గంటల్లో ఒక గంట ఇద్దరూ ఈ పనిలోనే ఉంటారు. మిగతా 24 మందిలో బాత్రూమ్‌కి లేచేవాళ్లు, నిద్ర పట్టక తిరిగేవాళ్లు, ఆయాసం వచ్చేవాళ్లు ఉండనే ఉన్నారు. ఇప్పుడు అడగండి: రాత్రి ఎంతమంది ఉంటారండీ? ఒక్కరే అన్నారంటే తిప్పడం జరగడం లేదని అర్థం.

రిజిస్టర్లో టిక్కులు ఉంటాయి కదా అంటారు. ఆ పేజీ చూపించమనండి. రాత్రి 10, 12, 2, 4, 6 అని పై నుంచి కింది దాకా ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒక్క కొట్టివేత కూడా లేకుండా సంతకాలు దిగిపోయి ఉంటే అవి తెల్లారాక కూర్చుని పెట్టినవి. నిజంగా నడిచే హోమ్ రిజిస్టరు మురిగ్గా ఉంటుంది. మధ్యలో "2.40కి తిప్పాం, ముందు పక్క గదిలో పడిపోయారు" లాంటి వంకర రాతలు ఉంటాయి.

ఇంకా మూడు అడగండి. ఒకరు సెలవు పెడితే వాళ్ల బదులు ఎవరొస్తారు? ఏడాది దాటి పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది? నర్సు ఎప్పుడూ ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? రెండో ప్రశ్న చాలా ముఖ్యం. నెలనెలా మనుషులు మారిపోయే చోట మీ అమ్మ ఎడమ చెవితోనే వింటుందని, నీళ్లు చిన్న గుటకలుగా తాగించాలని ఎవరికీ తెలియదు, ప్రతి నెలా మళ్లీ మొదటి నుంచి.

ఎక్కువ ఫీజు తీసుకునే చోట బాగా చూస్తారా?

గది బాగుంటుంది. చూడటం బాగుంటుందో లేదో పై లెక్కే చెబుతుంది.

భోజనం విషయంలో ఏం గమనించాలి?

మెనూ కాదు, తినిపించే తీరు. మింగడం కష్టమైన మనిషికి ఒక పూట తినిపించాలంటే అరగంట పైనే పడుతుంది. కేర్‌టేకర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ముద్ద పెట్టి, గొంతు కదిలే దాకా చూసి, ఆ తర్వాత ఇంకో ముద్ద పెడుతున్నారా? లేక నిలబడి, ముగ్గురికి మూడు స్పూన్లతో వరసగా పెట్టుకుంటూ పోతున్నారా? నిలబడి పెడితే తినే మనిషి తల పైకెత్తాలి, తల పైకెత్తితే ఆహారం గొంతు నుంచి శ్వాసనాళంలోకి జారే ప్రమాదం పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. తినగానే వెనక్కి వాల్చేస్తున్నారంటే వాళ్లకి శిక్షణ ఇవ్వలేదు.

బరువు మర్చిపోవద్దు. నెలకోసారి తూచాలి, రాసి పెట్టాలి. ఒక నెలలో బరువులో 5 శాతం, లేదా 6 నెలల్లో 10 శాతం తగ్గితే, డాక్టరు చూడాల్సిందే. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గడం అన్నమాట. "వయసు కదండీ, తగ్గుతారు" అంటే ఒప్పుకోకండి. పళ్లు నొప్పి కావచ్చు, కొత్త మందు కావచ్చు, డిప్రెషన్ కావచ్చు, ప్లేటు పెట్టి తినిపించకుండానే తీసేస్తూ ఉండొచ్చు.

నీళ్లు: వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, కాబట్టి "అడిగితే ఇస్తాం" అనేది సమాధానం కాదు. గ్లాసు చేతికి అందే దూరంలో ఉందా, ఆ చెయ్యి ఆ గ్లాసు ఎత్తగలదా, అదీ చూడాలి. పక్షవాతం వచ్చిన చెయ్యి వైపు టేబుల్ పెట్టి, దాని మీద నిండు గ్లాసు పొద్దుటి నుంచి రాత్రి దాకా అలాగే ఉండటం చాలా చోట్ల కనిపించే దృశ్యం.

పడక పుండ్లు ముసలితనంలో మామూలేనా?

కాదు. మరీ చివరి దశలో ఉన్నవాళ్లకి ఎంత చూసినా కొన్ని వస్తాయి, అది నిజమే. కానీ చాలా వరకు ఆపగలిగినవే. హోమ్ నాణ్యత చెప్పే గుర్తు ఒక్కటే అడిగితే నేను ఇదే చెబుతాను, ఎందుకంటే ఇందులో తిండి, తడి, తిప్పడం, స్టాఫ్ అన్నీ కలిసి ఉన్నాయి.

ఎలా చూడాలంటే, నడుం కింద తోక ఎముక దగ్గర, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక భాగం. ఎర్రగా కనిపించిన చోట వేలితో మెల్లగా నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే రక్తం ఆడుతోంది. నొక్కినా రంగు మారకుండా అలాగే ఉంటే అది మొదటి దశ పుండు, చర్మం ఇంకా తెగకపోయినా సరే. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో ఈ ఎరుపు సరిగా కనిపించదు. అందుకని చుట్టూ ఉన్న చర్మంతో పోల్చి ముట్టుకుని చూడాలి: వేడిగా ఉందా, గట్టిగా లేదా మెత్తగా ఉందా, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నారా, రంగు కాస్త ఊదాగా మారిందా. ఈ దశలో పట్టుకుంటే ఒత్తిడి తీసేస్తే చాలు. నాలుగో దశకి వెళ్తే కండరమో ఎముకో బయటపడుతుంది.

ఎయిర్ బెడ్ ఉంది కాబట్టి తిప్పక్కర్లేదు అంటారు, తప్పు. అది ఒత్తిడి తగ్గిస్తుంది, మనిషిని తిప్పే పని పోదు. మధ్యలో చిల్లు ఉండే గుండ్రటి రింగు దిండు కూడా పెడతారు, దాని అంచు చుట్టూ రక్తం ఆగిపోయి ఇంకా చెడుతుంది. ఎర్రబడిన చోట గట్టిగా నూనె మర్దన చేయడం కూడా మానిపించండి. కుర్చీలో పొద్దంతా కూర్చోబెట్టినవాళ్లకీ పుండ్లు వస్తాయి, "మంచంలో లేరుగా" అనుకుంటారు అందరూ.

బ్రేడెన్ స్కేల్ అని ఒకటి ఉంది, 1987 నుంచి వాడుకలో ఉంది. 6 అంశాలు చూసి 6 నుంచి 23 మధ్య మార్కులు వేస్తారు, 18 లేదా అంతకన్నా తక్కువైతే పుండ్ల ముప్పు ఉన్నట్టు లెక్క. చేర్చుకునేటప్పుడు ఇలాంటిది ఏదైనా చేస్తారా అని అడిగి చూడండి. పేరు విననట్టు చూస్తే మీకు జవాబు దొరికినట్టే.

అందరికీ డైపర్లు వేసేస్తున్నారు. సరైనదేనా?

ఎవరి సౌకర్యం కోసం వేస్తున్నారన్నది ప్రశ్న. అదుపు పూర్తిగా పోయినవాళ్లకి అవసరమే, వేయాలి, తడిసిన వెంటనే మార్చాలి. కానీ బాత్రూమ్‌కి తీసుకెళ్లే మనిషి లేక, చెప్పగలిగినవాళ్లకి కూడా వేసేసి "అందులోనే పోయండమ్మా, పర్లేదు" అనడం మనిషిని చంపేయడం లాంటిది. ఇంట్లో అప్పటిదాకా తనంతట తాను వెళ్లిన మనిషి నెల తిరిగేసరికి అదుపు కోల్పోతారు, నడక కూడా పోతుంది, ఎందుకంటే వాళ్ల రోజులో ఉన్న నడక అదొక్కటే. మంచి చోట ప్రతి 2, 3 గంటలకి వాళ్లే వచ్చి "బాత్రూమ్‌కి వెళ్దామా అండీ" అని అడుగుతారు. రోజుకి ఎన్ని డైపర్లు వాడుతున్నారో బిల్లులో చూడండి. మరీ తక్కువ ఉన్నా ఆలోచించాల్సిందే.

నాన్నగారు పడిపోయారు. అది నిర్లక్ష్యమేనా?

పడిన ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 65 దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడతారు, ఇలాంటి సంరక్షణ గృహాల్లో ఉండేవాళ్లలో ఇంకా ఎక్కువ. నడిచే మనిషి ఎప్పుడో ఒకప్పుడు పడతారు, అసలు పడకుండా ఉంచాలంటే కట్టేయాలి. పడ్డాక ఏం చేశారన్నదే హోమ్ బండారం బయటపెడుతుంది.

మీకు వెంటనే ఫోన్ చేశారా, లేక మీరు వెళ్లినప్పుడు కమిలిన చోటు చూసి అడిగితే చెప్పారా? లేపేముందు ఎక్కడ నొప్పిగా ఉందో చూశారా, లేక చంకల కింద చేతులేసి లాగేశారా? తల తగిలి, రక్తం పల్చబడే మందులు వాడుతున్న మనిషైతే పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, లోపల మెల్లగా రక్తస్రావం కావచ్చు. ఆ తర్వాత అసలు ప్రశ్న: ఎందుకు పడ్డారు? పడుకున్నప్పుడూ లేచి నిలబడినప్పుడూ బీపీ చూశారా, కొత్తగా నిద్రమాత్ర ఏమైనా మొదలైందా, చెప్పులు వదులుగా ఉన్నాయా, రాత్రి బాత్రూమ్ దారిలో లైటు ఉందా. "కాలు జారింది" అని రాసి పేజీ తిప్పేస్తే ఇంకో వారంలో మళ్లీ పడతారు.

పడకుండా మంచానికి కట్టామంటున్నారు. రెండు పక్కలా రెయిలింగ్ పెట్టామంటున్నారు.

కట్టడం వల్ల పడటం తగ్గదు. కండరాలు కరిగిపోతాయి, పుండ్లు వస్తాయి, మెలిపడి ఊపిరాడక చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. రెయిలింగ్ కూడా అయోమయంలో ఉన్న మనిషికి ప్రమాదమే, దాన్ని ఎక్కి దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు, సందులో ఇరుక్కుంటారు. మంచం ఎత్తు తగ్గించడం, పక్కన మెత్తటి పరుపు వేయడం, ఆ మనిషి ఎందుకు లేస్తున్నారో కనిపెట్టడం, ఇవీ చేయాల్సినవి. చాలాసార్లు కారణం బాత్రూమే.

మందులు ఇస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇస్తున్నారా అన్నదే కాదు, ఎప్పుడు ఎలా ఇస్తున్నారన్నది కూడా. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా గంట ఆలస్యమైతే మనిషి కొయ్యబారిపోతారు, దాన్ని "అందరితో పాటు తొమ్మిదింటికి" ఇస్తామంటే కుదరదు. ఎముకల బలానికి వారానికోసారి ఇచ్చే అలెండ్రోనేట్ పరగడుపున, గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండు పడొచ్చు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రల్ని పొడి చేసి కలిపేస్తే రోజంతటి మోతాదు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. మింగలేకపోతున్నారంటే డాక్టరుకి చెప్పి సిరప్‌కో వేరే రకానికో మార్పించాలి తప్ప రోట్లో నూరకూడదు.

నెలకోసారి మందుల చీటీ ఫోటో పంపమనండి. కొత్త పేరు కనిపిస్తే ఎందుకు, ఎవరు రాశారు, ఎప్పటి దాకా అని అడగండి. ముఖ్యంగా నిద్రమాత్రలు, యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి). డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో ఈ యాంటీసైకోటిక్ మందుల వల్ల మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల మీద, 2008లో పాత తరం మందుల మీద హెచ్చరిక వేయించింది. తప్పనిసరి అయి, తక్కువ మోతాదులో, కొన్నాళ్లకి వాడే పరిస్థితులు ఉంటాయి, అది డాక్టరు చూసి నిర్ణయించేది. కానీ సాయంత్రం పూట అందరూ ఒక్కసారే తూగుతూ కనిపిస్తున్నారంటే అక్కడ మాత్రలే నైట్ డ్యూటీ చేస్తున్నాయి.

అమ్మకి డిమెన్షియా. బాగా చూస్తున్నారని ఎలా తెలుస్తుంది, తను చెప్పలేదు కదా?

తను చెప్పలేకపోయినా ఒళ్లు చెబుతుంది. ఎవరైనా దగ్గరికి చెయ్యి తెస్తే ముడుచుకుంటోందా? తిప్పేటప్పుడు మొహం చిట్లించి మూలుగుతోందా? మాటలు పోయిన మనిషికి నొప్పి పోదు. కొట్టడం, గిచ్చడం, స్నానానికి ఒప్పుకోకపోవడం లాంటివాటికి చాలాసార్లు వెనక ఉండేది పంటి నొప్పో, మోకాలి నొప్పో, మలబద్ధకమో.

"ఇంటికి వెళ్తా" అన్నప్పుడు స్టాఫ్ ఏమంటున్నారో వినండి. "ఇదే నీ ఇల్లు, కూర్చో" అని గదమాయించడం ఒక రకం. "ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా" అని పక్కన కూర్చుని మాటల్లో పెట్టి మెల్లగా నడిపించుకెళ్లడం ఇంకో రకం. రెండోదానికి పట్టే సమయం పెద్దగా ఎక్కువేం కాదు, ఓపిక కావాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: నిన్నటిదాకా గుర్తుపట్టిన మనిషి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా అయోమయంలో పడితే, లేదా మరీ మత్తుగా అయిపోతే, అది డిమెన్షియా ముదరడం కాదు. డిలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీళ్లు తగ్గడం, కొత్త మందు, మలబద్ధకం, ఏదైనా కారణం కావచ్చు, కారణం పట్టుకుని వైద్యం చేస్తే చాలామంది తేరుకుంటారు. అదే రోజు డాక్టరు చూడాలి. "వాళ్లు అంతేనండీ" అన్న హోమ్‌లో ఇది రోజుల తరబడి ఎవరికీ పట్టదు.

అమ్మ ఏడుస్తోంది, వచ్చేస్తానంటోంది. హోమ్ బాగోలేకా, అలవాటు కాకా?

మొదటి కొన్ని వారాలు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏం చెబుతోందో వినండి. "నాకు నచ్చలేదు, మీ దగ్గరే ఉంటా" అంటే అది దిగులు, నిజమైన దిగులే, దానికి మీరు వెళ్తూ ఉండటం తప్ప మందు లేదు. "ఫలానా ఆమె రాత్రి పిలిస్తే రాదు, అరుస్తుంది" లాగా ఒక మనిషి, ఒక వేళ, ఒక పని చెబుతోందంటే అది ఫిర్యాదు. మతిమరుపు ఉందని కొట్టిపారేయకండి, వెళ్లి అదే వేళకి చూడండి.

తన ఇష్టాలకి విలువ ఇస్తున్నారా అన్నది ఎలా చూడాలి? అసలు అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తువాళ్లకి మీ గది ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం అని చెప్పి, ఒక మొక్క ఎంచుకోనిచ్చి దాన్ని వాళ్లనే చూసుకోమన్నారు, సినిమా ఏ రోజు చూడాలో కూడా వాళ్ల ఇష్టమే. ఇంకో అంతస్తువాళ్లకీ మొక్కలు ఇచ్చారు, సినిమా వేశారు, కానీ అన్నీ స్టాఫే నిర్ణయించి చేశారు. 3 వారాల్లోనే మొదటివాళ్లు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. మొక్క ఇద్దరి దగ్గరా ఉంది, తేడా ఎవరు నీళ్లు పోశారన్నదే.

కాబట్టి అడగండి: స్నానం ఎప్పుడు చేయాలో ఎవరు నిర్ణయిస్తారు? రాత్రి పదింటి దాకా టీవీ చూసే మనిషి ఏడింటికే పడుకోవాలా? తెల్లవారుజామున నాలుగింటికి స్నానాలు మొదలుపెట్టే హోమ్‌లు ఉన్నాయి, పగలు షిఫ్ట్‌వాళ్లకి పని తగ్గాలని. చలిలో వణుకుతూ నిలబడ్డ ఆ మనిషిని ఎవరూ అడగలేదు. అలాగే ఎవరి బట్టలు వాళ్లకే వస్తున్నాయా చూడండి. ఉతికాక ఎవరివో తెచ్చి ఎవరికో తొడిగే చోట మనుషుల్నీ అలాగే కలిపేస్తారు.

సీసీ కెమెరాలు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?

వరండాలో, హాల్లో ఉంటే మంచిదే. కెమెరా నీళ్లు తాగించదు. గదిలో, బాత్రూమ్ దగ్గర పెట్టారంటే బట్టలు మార్చుకునే మనిషిని ఎవరెవరు చూస్తున్నారో కూడా అడగాలి.

ఒంటి మీద కమిలిన గుర్తులు ఉన్నాయి. ఏం చేయాలి?

ముందు ఒంటరిగా మాట్లాడండి, స్టాఫ్ పక్కన లేకుండా. రెండు చేతుల పైభాగంలో వేళ్ల ఆకారంలో ఉన్న మచ్చలు, మణికట్టు చుట్టూ గీతలు, ఒకే చోట పాతవీ కొత్తవీ కలిసి ఉన్న గాయాలు, ఇవి గట్టిగా పట్టుకున్నవో, కట్టినవో కావచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి ఊరికే కూడా కములుతుంది, కాబట్టి అరుపులతో మొదలుపెట్టకండి, అలాగని వదిలేయకండి. తేదీ కనిపించేలా ఫోటో తీయండి, బయటి డాక్టరుకి చూపించి రాయించుకోండి, హోమ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబు కూడా రాతలోనే అడగండి. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ముందు మనిషిని అక్కడి నుంచి తీసుకొచ్చేయండి, కాగితాలు తర్వాత. పోలీసులకి చెప్పాల్సిన విషయమైతే హోమ్ "మేం లోపల చూసుకుంటాం" అన్న మాటకి ఆగొద్దు.

కొట్టడం ఒక్కటే హింస కాదు. రోజుల తరబడి మాట్లాడకపోవడం, తిట్టడం, నలుగురి ముందు బట్టలు మార్చడం, పెన్షన్ డబ్బుల మీద సంతకాలు పెట్టించుకోవడం, ఇవీ అందులోవే. ఐక్యరాజ్యసమితి జూన్ 15ని వృద్ధులపై హింస గురించి అవగాహన దినంగా గుర్తించింది కూడా ఇలాంటివి బయటికి రావడం లేదనే.

ఫిర్యాదు చేస్తే మేం లేనప్పుడు అమ్మ మీద కక్ష తీర్చుకుంటారేమో?

ఈ భయంతోనే చాలామంది నోరు మూసుకుంటారు, హోమ్‌లకి ఆ సంగతి తెలుసు. భయం అబద్ధమని నేను అనను. అయితే ఫిర్యాదు ఎలా చేస్తున్నామన్నదాని మీద చాలా ఉంటుంది. "మీరు సరిగా చూడటం లేదు" అంటే అది పోట్లాట. "మంగళవారం సాయంత్రం ఆరున్నరకి వచ్చాను, డైపర్ పూర్తిగా తడిసి ఉంది, మధ్యాహ్నం రెండు తర్వాత మార్చినట్టు రిజిస్టర్లో లేదు, రేపటి నుంచి ఏం చేస్తారు" అంటే జవాబు చెప్పక తప్పదు. తిట్టాల్సింది ఆయాని కాదు. 15 మందిని ఒక్కత్తే చూస్తున్న మనిషిని తిడితే తను మానేస్తుంది, కొత్తామె వస్తుంది, సమస్య అలాగే ఉంటుంది. ఇద్దరిని పెట్టాల్సిన చోట ఒకరిని పెట్టినవాళ్లతో మాట్లాడండి. అక్కడ ఉంటున్న ఇంకో ఇద్దరు ముగ్గురి పిల్లలతో పరిచయం పెంచుకుని కలిసి అడిగితే ఎవరి అమ్మ మీదా కక్ష తీర్చుకోవడం కుదరదు.

బాగా చూసినవాళ్లని కూడా పేరు పెట్టి మేనేజరు ముందు మెచ్చుకోండి. నెలకోసారైనా.

అగ్రిమెంట్‌లో ఏం చూడాలి?

ఫీజులో ఏవి కలవవో ఆ లిస్టు (డైపర్లు, ఫిజియోథెరపీ, ఆస్పత్రికి తోడు వెళ్లే మనిషి), ఏడాదికి ఎంత పెంచుతారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకీ కట్టాలా, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం: మంచం పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా? నడిచేవాళ్లని మాత్రమే ఉంచుకునే హోమ్‌లు చాలా ఉన్నాయి, అది తప్పు కాదు, కానీ ఆ సంగతి చేరేటప్పుడే తెలియాలి.

చివరి రోజుల్లో హోమ్‌లో ఉంచొచ్చా, ఆస్పత్రికే తీసుకెళ్లాలా?

ఈ ప్రశ్న ఆ రాత్రి రెండింటికి కాకుండా ముందే మాట్లాడుకోండి, వీలైతే ఆ మనిషినే అడిగి. ఏం కావాలో, ఏం వద్దో రాసి, డాక్టరుకి చూపించి, ఫైల్లో మొదటి పేజీగా పెట్టించండి. లేకపోతే నైట్ డ్యూటీలో ఉన్న కొత్త మనిషి భయపడి అంబులెన్స్ పిలుస్తారు, వాళ్ల తప్పు కాదు. హోమ్‌లోనే ఉంచాలంటే నొప్పి తగ్గించే మందు రాత్రి కూడా ఇవ్వగలరా, నోరు ఎండిపోకుండా తడి చేస్తూ ఉంటారా, మీరు పక్కనే పడుకోనిస్తారా అని అడగండి. చివరి రోజుల్లో తినడం తాగడం తగ్గిపోవడం ఒళ్లు ఆగిపోతున్న క్రమంలో భాగం, బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పక్క మంచాల వాళ్లకి ఆ మరణం సంగతి చెబుతారా, గుట్టుగా వెనక తలుపు నుంచి తీసుకెళ్లిపోతారా అన్నది కూడా కనుక్కోండి. రోజూ పక్కన కూర్చున్న మనిషి ఏమైందో అడిగే హక్కు వాళ్లకి ఉంది.

మేం దూర దేశంలో ఉంటాం. వీడియో కాల్ తప్ప దారి లేదు.

"ఎలా ఉన్నారు" అని అడిగితే "బాగున్నారు" అనే వస్తుంది. "ఈ పొద్దున ఎంత తిన్నారు, ఎవరు తినిపించారు, నిన్న రాత్రి ఎన్నిసార్లు లేచారు" అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఎవరో చూస్తున్నారు. కాల్‌లో మొహం మాత్రమే కాదు, కాళ్లు, మడమలు, మంచం పక్క టేబుల్ కూడా చూపించమనండి. ఒకే రోజు, ఒకే టైమ్‌కి కాల్ చేయకండి. నెల బరువు, మందుల చీటీ ఫోటో ప్రతి నెలా మొదటి వారంలో రావాలని చేరేటప్పుడే ఒప్పించుకోండి. దగ్గర్లో ఉండే చుట్టమో, స్నేహితుడో, డబ్బిచ్చి పెట్టుకున్న మనిషో, ఎవరో ఒకరు చెప్పకుండా వెళ్లి చూసే ఏర్పాటు ఉండాలి. వెళ్లినవాళ్లని ఊరికే పలకరించి రమ్మనకుండా, దుప్పటి తీసి మడమలు చూసి రమ్మనండి.